సాక్షి సంతకం అత్తగారిది

నా మొదటి పెళ్లి మాటలు మారేడ్‌పల్లిలోని మా అద్దెయింటి ముందు గదిలో ఒక ఆదివారం పొద్దున మొదలై భోజనాల వేళకి ముగిశాయి. విజయనగరం నుంచి మా పెద్ద మేనమామ అందుకోసమే వచ్చాడు. మా నాన్న రైల్వేలో గుమాస్తా. ఆయన తలుపు పక్కన కుర్చీలో కూర్చుని అందరి మాటలకీ తలూపాడు. పెద్దవాళ్లు ఆ రోజు మాట్లాడని విషయం లేదు. విడిది ఎక్కడ, మగపెళ్లివారికి పొద్దున టిఫిన్‌లో ఉప్మా పెడితే ఊరుకుంటారా, ఆడపడుచు లాంఛనం ఎంత, బాజాల వాళ్లకి ఎవరివ్వాలి, ఫోటోలతో పాటు వీడియో కూడా తీయించాలా. అన్నీ తేలాయి. పెళ్లయ్యాక నా జీతం ఎవరి ఖాతాలో పడుతుంది, దాంతో కొన్నది ఎవరి పేరున ఉంటుంది అన్న మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది డబ్బు విషయం కదా, శుభమా అని పెళ్లి మాట్లాడుకుంటూ దాని గురించి అడిగితే బాగుండదు.

పెళ్లికొడుకుది కూడా నాలాగే సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే, వేరే కంపెనీ. ఇంటికొకరైనా కంప్యూటర్ కోర్సులో చేరుతున్న రోజులవి. మా ఇద్దరి జీతాలూ కలిపి చెబితే మా మేనమామ వినపడనట్టు మళ్లీ అడిగి మరీ వినేవాడు. నా జీతం ఆయన ఖాతాలోకి వెళ్లేది. ఆయన ఖాతాలోంచి ఫ్లాటు వాయిదాలు వెళ్లేవి. ఫ్లాటు వాళ్లమ్మగారి పేరున ఉండేది. నా నగలు కూడా, జాగ్రత్త కోసమని, ఆవిడ బీరువాలోనే ఉండేవి. మేం ఎందుకు విడిపోయామన్నది ఇక్కడ అనవసరం. చెప్పినా మా ఇద్దరి కథలూ కలవవు.

విడాకుల కేసులో మమ్మల్ని కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆవిడ ఓపిగ్గా ఒక్కో వస్తువూ ఎవరిదని అడిగింది. నగలు మావన్నాం, కావన్నారు. ఫ్లాటులో నా డబ్బుందన్నాం, అది ఇంటి ఖర్చులకిచ్చిందన్నారు. చివరికి ఇడ్లీపిండి రుబ్బుకునే గ్రైండర్ దగ్గరికి వచ్చేసరికి మా నాన్న జేబులోంచి రసీదు తీశాడు. ఏది కొన్నా రసీదు దాచుకోవడం ఆయన అలవాటు. కౌన్సెలర్ మొహంలో మొదటిసారి తెరిపి కనిపించింది. ఆ పూటకి తేలిన విషయం అదొక్కటే. రెండేళ్ల కాపురం చేసి నేను గ్రైండర్‌తో పుట్టింటికి వచ్చాను. నగల్లో కొన్ని చాలాకాలానికి వచ్చాయి. ఫ్లాటు రాలేదు. మా అమ్మ ఆ గ్రైండర్‌ని కొన్నాళ్లు కోపంతో ముట్టుకోలేదు గానీ, తర్వాత ఇడ్లీలు తినాలనిపించి వాడటం మొదలుపెట్టింది.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని, బ్యాంకు అప్పుతో నేరేడ్‌మెట్‌లో నా ఒక్కదాని పేరున చిన్న ఫ్లాటు కొనుక్కోవడం. దాన్ని అద్దెకిచ్చి అమ్మావాళ్లతోనే ఉన్నాను. పొద్దున్నే కంపెనీ క్యాబు మారేడ్‌పల్లిలో ఎక్కించుకుని మాదాపూర్‌లో దింపేది. మళ్లీ పెళ్లి ఆలోచన నాకు లేదు. పన్ను నొప్పి వచ్చింది.

క్యాబులో నా పక్కన కూర్చునే అమ్మాయి కాప్రాలో ఒక పళ్ల డాక్టరు ఉన్నాడని, నెమ్మదస్తుడని చెప్పింది. చెరువుకి దగ్గర్లో సొంత ఇల్లు. కింద క్లినిక్కు, పైన కాపురం. క్లినిక్కులో అడుగుపెట్టగానే బల్ల వెనక ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పేషెంట్ల పేర్లు రాసుకోవడం, ఫీజు తీసుకోవడం, వరస తప్పి లోపలికి పోబోయేవాళ్లని ఆపడం ఆవిడ పని. గుంటూరు నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డ కుటుంబం. డాక్టరు ఆవిడ కొడుకే.

"పెళ్లయిందా అమ్మాయ్?" అంది పేరు రాసుకుంటూ.

"అయిందండీ. అయిపోయింది."

ఆవిడ పెన్ను ఆపి చూసింది. "పోయాడా, వదిలేశాడా?"

"ఇద్దరం వదిలేసుకున్నాం."

"పిల్లలు?"

"లేరు."

"ఉద్యోగం చేస్తున్నట్టున్నావు. జీతమెంత?"

"అది కూడా చీటీలో రాస్తారా అండీ?"

"చీటీలో కాదులే," అని తనలో తనే ఏదో లెక్క వేసుకుంది.

రూట్ కెనాల్‌కి చాలాసార్లు వెళ్లాల్సి వచ్చింది. డాక్టరు నా నోట్లో దూది పెట్టాక ప్రశ్నలు అడిగేవాడు. ఉద్యోగం ఎలా ఉంది, అంత దూరం రోజూ ఎలా వెళ్తారు, పుస్తకాలు చదువుతారా. నేను కళ్లతో జవాబు చెప్పేదాన్ని. తన సంగతి చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం పని ఆపి, చేతికున్న గ్లవ్స్ తీసేసి చెప్పాడు. భార్య జ్వరమొచ్చి పోయింది. ఒక కూతురు, ఒకటో తరగతి. ఆ పాప సాయంత్రాలు వాళ్ల నాయనమ్మ పక్కన స్టూలు వేసుకుని కూర్చుని హోంవర్క్ చేసుకునేది. నన్ను మొదటిరోజే "నీకు పుచ్చిపోయిందా?" అని అడిగింది. పన్ను గురించే అడిగిందని నాకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది.

నా పన్నుకి క్యాపు బిగించిన వారానికి ఆ పెద్దావిడ పళ్లు, పూలు పట్టుకుని ఆటోలో మా ఇంటికే వచ్చింది. మా అమ్మ ఆనందం పట్టలేకపోయింది.

"రెండో సంబంధం, అందులోనూ డాక్టరు. ఇంకేటి ఆలోచిస్తన్నావమ్మా నువ్వు?" అంది ఆవిడ వెళ్లగానే.

"ఆయన నాకూ నచ్చారమ్మా. కాకపోతే పెళ్లికి ముందు ఒక ఒప్పందం రాసుకోవాలి. ఎవరిది ఏదో, ఎవరి అప్పు ఏదో, విడిపోతే ఏమిటో."

అమ్మ మంచం మీద కూలబడింది. "పెళ్లికి ముందే విడాకుల కాగితవా? వాళ్లేటనుకుంటారు? ఇరుగుపొరుగు వింటే నవ్విపోతారే."

నాన్న మాత్రం పేపరు పక్కన పెట్టి, "రాసుకుంటే తప్పేటి? రేషన్ కార్డుకే సంతకాలు పెడతాం," అన్నాడు. ఆ ఇంట్లో ఆయన మాట నెగ్గిన సందర్భాలు తక్కువ. ఆ రోజు నెగ్గింది.

డాక్టరుగారితో నేనే మాట్లాడాను, క్లినిక్కులో, పేషెంట్లు లేని వేళ చూసి. ఆయన ఏమీ అనకముందే బల్ల వెనక నుంచి వాళ్లమ్మగారు లేచి వచ్చింది.

"మనుషుల మీద నమ్మకం లేనిదానివి పెళ్లెందుకు చేసుకుంటున్నావమ్మాయ్? మావాడి ముందు నోరు తెరిచి కూర్చున్నప్పుడు కాగితం రాయించుకున్నావా?"

"రాయించుకున్నది మీరేనండీ. మొదటిరోజు మీరే నా చేత సంతకం పెట్టించారు. మత్తు ఇంజెక్షను వికటించినా, పన్ను విరిగినా డాక్టరుగారిది బాధ్యత కాదని."

ఆవిడ కొడుకు వైపు చూసింది. ఆయన నవ్వు ఆపుకోడానికి ట్రేలో పరికరాలు సర్దుతున్నాడు. "అది అందరి దగ్గరా తీసుకుంటాం," అంది ఆవిడ చివరికి.

"పెళ్లి కూడా అందరూ చేసుకునేదే కదమ్మా," అన్నాడాయన. నాకు ఆయన మీద ఇష్టం ఖాయమైంది అప్పుడే అనుకుంటాను.

రెజిమెంటల్ బజార్‌లో ఒక పాత మేడ మీద నాన్నకి తెలిసిన లేడీ వకీలు ఆఫీసు ఉండేది. కింద వరసగా దుకాణాలు. మెట్లెక్కుతుంటే బేరాల గొడవ మనతోపాటే పైకి వచ్చేది. ఆవిడకి యాభై దాటి ఉంటాయి. మేమిద్దరం కలిసి వచ్చామని, కొట్లాడుకోవడానికి కాదని ఆవిడకి నమ్మకం కుదరడానికి కాస్త సమయం పట్టింది.

"కూసోండ్రి. ముందుగాల ఒక మాట చెప్తా, తర్వాత నన్ననొద్దు," అంది. "మన దగ్గర దీనికి పక్కా చట్టం లేదు. రేపు మీరు కొట్లాడి కోర్టుకు పోతే జడ్జిగారు దీన్ని పక్కకు పెట్టనూ వచ్చు. మనోవర్తి అడగను అని రాసిన్రనుకో, ఆ లైను దండుగ. విడిపోతే పిల్ల నాకే అని రాసినా దండుగ, పిల్ల మంచి చెడ్డ కోర్టే చూస్తది. కానీ ఏది ఎవలది, ఏ అప్పు ఎవలది, ఎవల పైసలతోని ఏం కొన్నరు, గివన్నీ రాసి ఇద్దరు సంతకం పెట్టిన్రంటే రేపు లొల్లి సగం తగ్గుతది. గంతవరకు పనికొస్తది."

"అంటే సగమే చెల్లుతుందన్నమాట," అన్నాడాయన.

"పెండ్లి మంత్రాలు ఎంత చెల్లుతున్నయో నేను రోజూ చూస్తనే ఉన్న గద డాక్టర్ సాబ్. సగమంటే ఎక్కువనే."

తర్వాత ఆవిడ ప్రశ్నలు మొదలుపెట్టింది. నాకు ఫ్లాటు మీద ఎంత అప్పుంది, ఆయనకి క్లినిక్కులో పేషెంట్లని పడుకోబెట్టే కుర్చీ మీద ఎంతుంది, ఎవరికైనా హామీ సంతకాలు పెట్టామా, నెలనెలా మా అమ్మానాన్నలకి నేనేమిస్తాను, అది పెళ్లయ్యాకా ఇస్తానా. ఇరవయ్యేళ్లు కాపురం చేసిన వాళ్లు కూడా ఒకరినొకరు ఇలాంటివి అడిగి ఉండరు. మేం ఇంకా ఒకరినొకరు మీరు అనే పిలుచుకుంటున్నాం, అప్పటికే ఒకరి అప్పులు ఒకరికి తెలిసిపోయాయి. సినిమాకి వెళ్లి ఉంటే ఇన్ని సంగతులు తెలిసేవి కావు.

పోయినావిడ నగల దగ్గర ఆయన గొంతు తగ్గింది. అవి పాపవి, పెద్దయ్యాక తనకే ఇవ్వాలి అన్నాడు. వకీలు వాటిలో చట్టప్రకారం ఆయనకీ వాటా ఉంటుందని చెప్పింది. "నా వాటా కూడా పాపకే అని రాయండి. మేమిద్దరం వాటిని అమ్మకూడదు, తాకట్టు పెట్టకూడదు," అన్నాడు. నేను సరేనన్నాను. నా ఫ్లాటు నాది, దాని అప్పు నాది. క్లినిక్కు ఆయనది, దాని అప్పు ఆయనది. ఇంటి ఖర్చులకి ఒక ఉమ్మడి ఖాతా, సంపాదనని బట్టి అందులో వేయాలి. ఎవరి అమ్మానాన్నలకి వాళ్లు తమ డబ్బులోంచి ఏమిచ్చినా రెండోవాళ్లు అడగకూడదు. ఇద్దరి రాతపూర్వక అంగీకారం లేకుండా ఏ ఆస్తినీ తాకట్టు పెట్టకూడదు, ఎవరికీ హామీ ఉండకూడదు. ఇందులో ఏది మార్చాలన్నా మళ్లీ ఇద్దరూ సంతకం చేయాలి, అదే సాక్షులు ఉండాలి. ఒకరి ఉద్యోగం పోతే ఏమిటన్నది మాత్రం రాయలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోతుందని ఆ రోజుల్లో ఎవరికీ తోచేది కాదు.

"ఇగ విడిపోతే," అంది వకీలు, కాగితం తిప్పి.

కింద ఎవరో బేరం కుదరక విసురుగా వెళ్లిపోతున్నారు. ఆయన వకీలు వైపు తిరిగాడు.

"పాప ఈమెని అప్పుడే అమ్మా అని పిలుస్తానంటోంది. రేపు మా ఇద్దరికీ కుదరకపోతే తను ఇంకో అమ్మని పోగొట్టుకుంటుంది. మేం విడిపోయినా ఈమె పాపని చూడ్డానికి రావాలి. అది రాయొచ్చా?"

"రాయొచ్చు. కానీ నడ్వది. రాకపోతే రమ్మని ఏ కోర్టు చెప్పది."

"నడవకపోయినా రాయండి," అన్నాను నేను. వకీలు కళ్లజోడు తీసి తుడుచుకుని, దండుగ లైన్లలో ఒకటి రాసింది.

సాక్షులుగా మా నాన్న, వాళ్లమ్మగారు ఉండాలనుకున్నాం. నాన్న అచ్చుతప్పులు దిద్ది సంతకం పెట్టేశాడు. ఆవిడ పెట్టలేదు. "చదవకుండా ఎలా పెడతాను?" అని కాగితాలు బల్ల మీద పెట్టుకుని పేషెంటుకీ పేషెంటుకీ మధ్య రోజుల తరబడి చదివింది. ఆ వారం ఫీజులు ఎవరిచ్చారో ఎవరివ్వలేదో సరిగ్గా తేల్లేదు. చివరికి నన్ను పిలిపించింది.

"అంతా చదివాను. నీ ఫ్లాటుంది, వాడి కుర్చీ ఉంది, పిల్ల నగలున్నాయి. మీ అమ్మానాన్నలు కూడా ఉన్నారు. నా సంగతి ఎక్కడా లేదే?"

ఆవిడని వెంటబెట్టుకుని మేమిద్దరం వకీలు దగ్గరికి వెళ్లాం. "మీరు ఇందుల పార్టీ కాదమ్మా, సాక్షి," అంది వకీలు.

"ఇల్లు మా ఆయన కట్టించింది. ఆయన పోయాక నేనే మొత్తం వీడి పేరున రాయించాను. రేపు వీళ్లు విడిపోతే ఈ అమ్మాయి ఫ్లాటుకి పోతుంది. కలిసుంటే నన్నెక్కడికి పొమ్మంటారో?"

"అమ్మా, నేనెందుకు పొమ్మంటాను?" అన్నాడాయన నొచ్చుకుని.

"ఈ అమ్మాయిని నువ్వెందుకు వదిలేస్తావురా? అయినా రాసుకుంటున్నారుగా."

వకీలు ఇంకో తెల్ల కాగితం ముందుకు లాక్కుంది. ఆవిడ బతికున్నంతకాలం పై అంతస్తులో చెరువు వైపు గది ఆవిడదేనని కొడుకు వేరే పత్రం రాసి రిజిస్టరు చేయించి ఇచ్చాడు. అప్పుడు ఆవిడ మా ఒప్పందం మీద సాక్షి సంతకం పెట్టింది, తన పేరు కింద గీత కూడా గీసింది. పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. మా అమ్మ, బంధువులందరికీ, వకీలు దగ్గర ఆలస్యమైన రోజుల్ని చీరల కొనుగోలు కింద చెప్పింది. ఇన్నిసార్లు వెళ్లి కొన్నవి ఇంత తక్కువ చీరలా అని మా పిన్ని ఇప్పటికీ అంటుంది.

కాపురం బాగానే సాగింది. కాగితం బ్యాంకు లాకర్‌లో, పాప నగల పక్కన ఉండేది. తాళం అత్తయ్యగారి దగ్గర ఉండేది. మేం దాన్ని మర్చిపోయాం. నాలుగైదేళ్లకి ఊరి చుట్టూ భూమికి పిచ్చి పట్టింది.

క్యాబులో ఇదివరకు సినిమాల గురించి మాట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు గజాల గురించి. ఎవరిని కదిపినా అవుటర్ రింగు రోడ్డు అవతల ఏదో వెంచర్‌లో ప్లాటు కొంటున్నారు. క్లినిక్కుకి ఒక రియల్ ఎస్టేట్ ఆయన పళ్లన్నిటికీ క్యాపులు వేయించుకోడానికి వచ్చేవాడు. నోరు ఖాళీ అయినప్పుడల్లా భూమి గురించే చెప్పేవాడు. మా ఆయన రోజంతా జనం నోళ్లలోకి చూసే మనిషి. ఒక నోరు ఇంత ఆశగా మాట్లాడటం ఆయనకి కొత్త. నా ఫ్లాటు మీద, పాప నగల మీద అప్పు తీసుకుంటే మూలమీది పెద్ద ప్లాటు వస్తుందని లెక్క వేశాడు. నేను కాదనలేదు. క్యాబులో అందరికీ ప్లాట్లున్నాయి మరి.

"అత్తయ్యా, లాకర్ తాళం ఒకసారి ఇవ్వండి," అన్నాను భోజనాల దగ్గర.

"ఎందుకు?"

చెప్పాం. ఆవిడ సాంబారు వడ్డించడం ఆపలేదు. "కుదరదు. అవి తాకట్టు పెట్టకూడదని రాశారు."

"అమ్మా, రాసుకున్నది మేమిద్దరం. మేమే మార్చుకుంటున్నాం," అన్నాడాయన.

"మార్చుకోండి. మార్చాలంటే అదే సాక్షులు సంతకం పెట్టాలని కూడా రాశారుగా. సాక్షిని నేను. నేను పెట్టను."

"అసలు ఆ కాగితమే వద్దన్నావు నువ్వు."

"అన్నాను. మీరు విన్నారా? ఇప్పుడు నేనూ వినను."

మేమిద్దరం వకీలు దగ్గరికి పరిగెత్తాం. సాక్షి ఒప్పుకోకపోయినా మార్చుకునే దారి ఉందేమోనని ఆశ. ఆవిడ అంతా విని చాలాసేపు నవ్వింది. "దారి లేకేం, ఉంటది. ఇద్దరు రాజీ అయితే కొత్తది రాసుకోవచ్చు. కానీ పాప సొమ్ము మీద చెయ్యి పెట్టనీకి నేనైతే రాయ. నా కాడికి వచ్చి కొట్లాడేటోళ్లకు అందరికీ మీ అత్తమ్మ లాంటి సాక్షి ఒక్కరుంటే నా దుకాణం బందు అయితుండె."

కొత్తది రాయించలేదు. పట్టుదల తగ్గి కాదు. ఆవిడ చేతి సాంబారు రోజూ తింటూ ఆవిడని దాటి వెళ్లడం మా ఇద్దరికీ చేతకాలేదు. అయితే ఆ తర్వాత ఏడాది పాటు భూమి ధర పెరుగుతూనే పోయింది. పెరిగినప్పుడల్లా మా ఆయన ఆ సంగతి తల్లి ముందు పేపర్లోంచి పైకి చదివేవాడు. ఆవిడ వినపడనట్టు పాప చేత ఎక్కాలు చెప్పించేది. ఇంట్లో అందరికంటే ఆ పాపకే ఆ ఏడాది లాభం. పదహారో ఎక్కం దాకా వచ్చేసింది.

తర్వాత అమెరికాలో ఏవో బ్యాంకులు కూలాయి. వాటి పేర్లు మాకు పలకడం రాదు గానీ, మాదాపూర్‌లో జనాన్ని ఇంటికి పంపడం మొదలైంది. రియల్ ఎస్టేట్ ఆయన పై వరస క్యాపులు వేయించుకున్నవాడు కింది వరసకి రాలేదు. నాకు కాప్రా డాక్టరు గురించి చెప్పిన అమ్మాయి, ఆమె భర్త, ఇద్దరివీ ఒకే నెలలో ఉద్యోగాలు పోయాయి. వాళ్లు ఆమె నగలన్నీ కుదువపెట్టి ప్లాటు కొన్నారు. అప్పు కాగితంలో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, ప్లాటు కాగితంలో ఆయన పేరొక్కటే ఉంది. వాళ్ల పెళ్లప్పుడు ఏ కాగితమూ రాసుకోలేదు, అంత అన్యోన్యంగా ఉండేవాళ్లు. ప్లాటు అయినకాడికి అమ్ముకున్నారు. ఆ అన్యోన్యం కూడా తగ్గింది. ఆ తర్వాత కొన్నేళ్లకి అక్కడ ధరలు మళ్లీ లేచాయట. అప్పటికి అది వాళ్లది కాదు.

నన్ను కూడా ఒక శుక్రవారం మధ్యాహ్నం గదిలోకి పిలిచి, చాలా మర్యాదగా, మంచినీళ్లిచ్చి మరీ పంపేశారు. ఇంటికొచ్చి చెబితే అత్తయ్య, "ఫ్లాటుకి అద్దె వస్తోందిగా, వాయిదాకి సరిపోతుందా?" అని మాత్రం అడిగింది. దాదాపు సరిపోతుందన్నాను. "సరే, కాఫీ తాగు," అంది. భూమి మాట ఆవిడ ఎత్తలేదు. ఎత్తకపోవడంలో ఉన్న విజయం ఇల్లంతా వినపడింది.

అదే సమయంలో ఆవిడకి మోకాలి ఆపరేషన్ అయింది. క్లినిక్కులో బల్ల వెనక కుర్చీ నాకొచ్చింది. నేను అపాయింట్‌మెంట్లు కంప్యూటర్‌లోకి ఎక్కించాను, మందుల స్టాకు చూసుకున్నాను, ఫీజు రేపిస్తామనే వాళ్లకి ఫోన్లు చేశాను. పేషెంట్లు పెరిగారు. లోపల పేషెంట్లకి రెండో కుర్చీ కావాల్సి వస్తే నా దాచుకున్న డబ్బులోంచి కొన్నాం. నెల మొదట్లో ఆయన ఖర్చులకని కొంత నా చేతిలో పెట్టేవాడు. ప్రేమగానే పెట్టేవాడు. ఆ డబ్బు చేతిలోకి తీసుకునేటప్పుడు నాకు ఎటు చూడాలో తెలిసేది కాదు.

మంచం మీద కాలు చాపుకుని కూర్చున్న అత్తయ్య ఒకరోజు అది చూసింది.

"ఒరే, దీనికి నువ్వు ఇచ్చేది ఏంటి?"

"ఇంటి ఖర్చులకమ్మా."

"ఇది ఇంటి పని చేస్తోందా, నీ ఆఫీసు పని చేస్తోందా? ఆ రెండో కుర్చీ ఎవరి డబ్బుతో వచ్చింది? ఎక్కడైనా రాశారా?"

ఆయన మొహం చిన్నబోయింది. "ఇన్నేళ్లయ్యాక కూడా కాగితాలేంటమ్మా? నేనేమైనా తక్కువ చేశానా?"

"మీ నాన్న నన్ను తక్కువ చేశాడా? బంగారంలా చూశాడు. ఆయన పోయిన వారానికి బ్యాంకులో నా పేరు ఎక్కడా లేదని తెలిసింది. బాగా చూడటం వేరు, రాయడం వేరు. ఆయనకి మొదటిది వచ్చు, రెండోది తోచలేదు."

ఆవిడ భర్త గురించి అలా మాట్లాడటం మేం అంతకుముందు వినలేదు. మా ఆయన తల్లి మంచం అంచున కూర్చుని కాసేపు ఆవిడ పాదం పట్టుకున్నాడు. మర్నాడు తనే వకీలుకి ఫోన్ చేశాడు.

వకీలు మమ్మల్ని చూసి, "పెండ్లయినంక నా కాడికి వచ్చేటోళ్లు మస్తుమంది, కానీ కొట్లాట షురూ అయినంక వస్తరు. మంచిగున్నప్పుడు వచ్చినోళ్లను చూస్తే నాకే జెర అనుమానమైతది," అంది. ఈసారి రాయడం త్వరగా అయిపోయింది. క్లినిక్కులో పనిచేసినన్నాళ్లూ నాకు జీతం, నా ఖాతాలో. రెండో కుర్చీ నాది. ఇంటి కోసమో పిల్ల కోసమో పెద్దవాళ్ల కోసమో ఎవరు సంపాదన మానుకున్నా, సంపాదించేవాళ్లు తమ పొదుపులో సగం వాళ్ల పేరున వేయాలి. అందులో ఏది నడుస్తుందో ఏది నడవదో వకీలు మళ్లీ విడమరచి చెప్పింది. జీతం, కుర్చీ గట్టివి. పొదుపు మాట మా మంచితనం మీద ఉంటుందంది. ఉంటే ఉండనీ అనుకున్నాం. ఎప్పుడూ కోర్టుదాకా వెళ్లే అవసరం రాలేదు కాబట్టి ఆ కాగితాల అసలు బలం ఎంతో మాకు ఇప్పటికీ తెలియదు. ఏడాదిన్నరకి నాకు మళ్లీ ఉద్యోగం దొరికింది, ఈసారి జీతం తక్కువ. క్లినిక్కు బల్ల దగ్గరికి అత్తయ్య కర్ర పట్టుకుని తిరిగి వచ్చింది.

వచ్చిన మొదటి నెలాఖరున పేషెంట్లు వెళ్లిపోయాక ఆవిడ కదలకుండా కూర్చుంది.

"పైకి రావామ్మా?" అన్నాడు మా ఆయన.

"ఈ కుర్చీలో కూర్చుంటే జీతమని రాశావుగా. నాకేది?"

ఆయన నవ్వాడు. ఆవిడ నవ్వలేదు. మర్నాడు ముగ్గురం కాప్రాలోనే ఒక బ్యాంకుకి వెళ్లాం. ఆవిడ పేరున అదే మొదటి ఖాతా. బ్యాంకు కుర్రాడు ఫారం నింపుతూ, "వృత్తి దగ్గర గృహిణి అని రాయనా అమ్మా?" అన్నాడు.

"రిసెప్షనిస్టు," అంది మా అత్తగారు, పెన్ను తన చేతిలోకి తీసుకుంటూ. "నేనే రాస్తాలే, నువ్వు స్పెల్లింగ్ చెప్పు."